గోదాము ఖాళీ అయ్యేలోగా

యంత్రం ఆగితేనే మా పాట మొదలయ్యేది.

పొద్దుటి నుంచీ దూదిని ఏకి ఏకి, గోదాము నిండా తెల్లని నూగు రేపిన ఆ యంత్రం, మధ్యాహ్నం పనివాళ్ళు భోజనానికి లేవగానే ఒక్క నిట్టూర్పు విడిచి నిలిచిపోయేది. నూగు తీరిగ్గా నేలకు దిగేది. పరుపులు కుట్టేవాళ్ళు దబ్బనాలను చారల గుడ్డకు గుచ్చి, ఒళ్ళు దులుపుకుంటూ బయటికి నడిచేవాళ్ళు. తను పనిచేసే వీధి మలుపులోని కళ్ళద్దాల దుకాణం నుంచి అక్క గబగబా వచ్చేది. బావ గిటారు సంచి విప్పేవాడు. బావ స్నేహితుడు, తాళాలు బాగుచేసేవాడు, దరువు వేసే తన చెక్కపెట్టె మీద ఎక్కి కూర్చుని, అరచేతులతో దాన్ని ఒకసారి పలకరించేవాడు. అతణ్ణి మేమంతా తాళం అనే పిలిచేవాళ్ళం. ఆ పేరుకు అతనికి రెండు విధాలా అర్హత ఉంది. సభలకు మైకుసెట్లు అద్దెకిచ్చే మావయ్య, మా అమ్మకు తమ్ముడు, నేల మీద సుద్దముక్కతో గీసుకున్న గుర్తులో మైకు నిలబెట్టేవాడు. పరుపు మూలన కుట్టే గుడ్డ చీటీల వెనక నేను రాసుకొచ్చిన పాటను అక్క చేతిలో పెట్టి, తలుపు దగ్గరికి పోయి నిలబడేదాన్ని. రాయడం వరకే నా ధైర్యం. వినిపించమంటే నా గొంతు నాకే అప్పు దొరకదు.

మా బ్యాండుకు ‘భోజన విరామం’ అని పేరు పెట్టింది బావ.

“పేరు బాగానే ఉంది. మరి మనం తినేదెప్పుడు?” అన్నాడు తాళం.

“ఆల్బం వచ్చాక.”

“ఎనిమిది పాటలురా నాయనా! అప్పటికి చిక్కి చిక్కి ఈ పెట్టెలోనే పట్టేస్తాను.”

“మంచిదేగా, మోసుకెళ్ళే బరువు తగ్గుతుంది.”

ఆ ఎండాకాలంతో నాన్న గోదాము మూతపడబోతోంది. నాన్న ఛాతీని ఫొటో తీయించి చూసిన డాక్టరు, “మీ ఊపిరితిత్తుల్లో ఇంకో దిండుకు సరిపడా దూది ఉందండీ, ఇక చాలించండి” అన్నాడట. నాన్న ఆ మాటను ఇంటికి తెచ్చి నవ్వుతూ చెప్పాడు గాని, నవ్వు సగంలోనే దగ్గుగా మారింది. ఉన్న దూదిని కుట్టించి, ఉన్న పరుపులను అమ్మి, వేసవి చివరికి తాళంచెవి యజమానికి అప్పజెప్పాలి. ఆ తరువాత అక్కడ లారీ టైర్లు పెడతారట.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, నాన్నకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన అక్క, కప్పు దాకా పేర్చిన పరుపుల సందుల్లో ఆయన్ను వెతుకుతూ తనకు తెలియకుండానే ఒక కూనిరాగం తీసింది. రాగం పెదవి దాటీ దాటగానే పరుపులు దాన్ని మింగేశాయి. ఆగి, మళ్ళీ తీసింది. మళ్ళీ మింగేశాయి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా బావతో అంది:

“అక్కడ పాడితే పాట నా దగ్గరికి తిరిగి రాదు.”

బావ చేతిలోని గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు రెండేళ్ళ ముందు, ఎత్తైన కప్పు ఉన్న ఒక పెద్ద హాలులో, నిండు సభ ఎదుట, అక్క పాట మొదటి పంక్తి ఎత్తుకుంది. ఆ గొంతు వెళ్ళి వెనక గోడను తాకి, ఒక్క క్షణం ఆలస్యంగా ఆమె దగ్గరికే తిరిగి వచ్చింది. ఎవరో వెనకనుంచి తనను వెక్కిరిస్తున్నట్టు అనిపించిందట. రెండో పంక్తికి నోరు తెరిచింది, మాట రాలేదు. మైకును పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా కింద పెట్టి వెళ్ళిపోయింది. అంతే, ఆ తరువాత స్నానాల గదిలో కూడా పాడలేదు. ఆ పాట రాసింది నేను. ఆ రెండేళ్ళూ ఆ పంక్తులను వేళ్ళ మీద కొలుచుకుంటూనే ఉన్నాను, ఏ అక్షరం ఆమె గొంతుకు అడ్డం పడిందోనని.

గుప్పెడంత నిశ్శబ్దం గూటిలోన దాచాను
ఎగరమంటే ఎగరదు, ఎవరిదంటే చెప్పదు

కాబట్టి అక్క ఆ మాట అన్న మరునాడే బావ మావయ్యను బతిమాలి మైకు తెప్పించాడు. పాడే మనిషి పాడతానంటోంది, పాడనిచ్చే గది ఇంకొక్క వేసవే ఉంటుంది. మా ఆల్బం వెనక ఉన్న పెద్ద ఆలోచన ఇంతే.

*

అక్క చోటు గోదాములో అన్నిటికన్నా లోపల, వెనక గోడ వారన. అక్కడ మూడు వైపులా పాత సరుకు, రెండు మంచాల వెడల్పు పరుపులు, నిలువెత్తుకు మించి ఉండేవి. ఆ గూటిలో వాటికే ముఖం పెట్టి నిలబడి పాడేది. చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు ఇస్తే మావయ్యకే తిరిగి ఇచ్చేసింది.

“నా గొంతు నాకు వినిపించొద్దు మావయ్యా. రికార్డు చేసింది కూడా నాకు వినిపించకండి. పాడమన్నారు, పాడతాను. అది ఎటు పోతే అటు పోనీ.”

“వండినదాన్ని రుచి చూడనంటావు, అంతేగా? కానీయ్ కోడలా, తినేవాళ్ళం మేమున్నాం.”

గొంతు, గిటారు, చెక్కపెట్టె అన్నీ ఒకేసారి పలికేవి, ఒకే మైకులోకి వెళ్ళేవి. వేరువేరుగా పట్టి అతికించే సరంజామా మా దగ్గర లేదు. ఒకరు తప్పితే అందరూ మొదటికి రావాలి. ఎక్కువసార్లు తప్పింది వాయించేవాళ్ళు కాదు, గుమ్మంలో ముక్కాలి పీట మీద కూర్చున్న నాన్న. కండువా మడిచి నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గును పంటి కింద నొక్కిపట్టి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా బిగబట్టేవాడు. పాట చివరి శ్రుతి ఇంకా గాలిలో ఉండగానే అది కట్ట తెగినట్టు బయటపడేది.

మూడో పాటకు ఆగలేకపోయాడు. అన్నిటికన్నా బాగా కుదిరిన పాట అది. పల్లవికీ చరణానికీ మధ్య, బావ వేళ్ళు తీగల మీద ఆగి ఊపిరి తీసుకునే ఆ చిన్న ఖాళీలో, ఖంగుమని ఒక దగ్గు. అక్క తడబడకుండా పూర్తి చేసింది.

“మళ్ళీ పాడండమ్మా. నేను వీధి చివరికి పోతాను” అన్నాడు నాన్న, చెప్పుల కోసం కాళ్ళతో వెతుకుతూ.

“కూర్చో నాన్నా. సరిగ్గా తాళం మీదే పడింది.”

“అవునండీ,” అన్నాడు తాళం గంభీరంగా, “నాకన్నా మీరే నయం.”

ఆ దగ్గు అలాగే ఉండిపోయింది.

మా పాటలు ఒకవైపు పెరుగుతుంటే, పరుపులు ఇంకోవైపు తరిగాయి. మోసేవాళ్ళు వచ్చి తలుపు వైపు వరసలను దించి బండికెత్తేవాళ్ళు. పరుపు కొన్న ప్రతివాళ్ళకూ నాన్న చిల్లరతో పాటు ఒక ఆహ్వానం కూడా ఇచ్చేవాడు: “వేసవి చివరి ఆదివారం సాయంత్రం ఇక్కడికే రండి. మా పిల్లలు పాడతారు.” వాళ్ళు సరేననేవాళ్ళు. పరుపు కొన్నవాళ్ళు దేనికైనా సరేనంటారు, వాళ్ళకు అప్పటికే సగం నిద్ర వచ్చి ఉంటుంది.

ఒకసారి ఆడపిల్లల హాస్టలు చూసుకునే వార్డెనమ్మ వచ్చింది. చూడగానే వెనక గోడ దగ్గరి పరుపుల మీద ఆమె చూపు నిలిచింది.

“అవి మందంగా ఉన్నాయి. అవే ఇవ్వండి.”

“అవి తడిసినవండీ,” అన్నాడు నాన్న.

“ఎండాకాలంలో తడవడమేంటండీ?”

“కిందటేటి వాన. లోపలి తడి ఇంకా ఆరలేదు. ఇవి చూడండి, మొన్న కుట్టినవి, చెయ్యి పెడితే చెయ్యి మాయమవుతుంది.”

ఆమె మొన్న కుట్టినవే తీసుకుంది. నాకు ఆశ్చర్యం వేసింది. పాత సరుకు ముందు పోవాలి, కొత్తది ఆగినా ఫరవాలేదు. నాన్న వ్యాపారమంతా నిలబడ్డ సూత్రం అది. పైగా ఆ మూల ఒక్క చుక్క వాన పడినట్టు నాకు గుర్తు లేదు. అడుగుదామనుకున్నాను. అంతలో దగ్గు వచ్చి ఆయన బయటికి వెళ్ళాడు, నా ప్రశ్న నాలోనే ముడుచుకుపోయింది. నా ప్రశ్నలకు అది అలవాటే.

*

ఆరు పాటలయ్యాక, వరసగా విందామని మావయ్య దుకాణంలో కూర్చున్నాం. గోడల నిండా పెద్ద పెద్ద స్పీకర్లు మమ్మల్ని తేరిపార చూస్తున్నాయి. అక్క రాలేదు, వినను అంటే వినను అంది.

మొదటి పాట వినగానే వెనక్కి తిరిగి చూశాను. అక్క మా నలుగురి మధ్యనే కూర్చుని, ఒక్కొక్కరి చెవి దగ్గర వంగి పాడుతున్నట్టుంది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. రెండోదీ అంతే. మూడోదానిలో నాన్న దగ్గు తాళం మీద పడి, మేమంతా నవ్వాం. నాలుగోదానికి నవ్వు ఆగింది. అక్క ఒక అడుగు వెనక్కి వేసినట్టుంది. ఐదోదానికి గుమ్మంలో నిలబడినట్టుంది. ఆరో పాట పక్కింట్లోంచి వస్తోంది.

బావ ఆపేసి మావయ్య వైపు తిరిగాడు. “బాబాయ్, మైకు జరిపారా?”

“సుద్దతో గీత గీసి పెట్టాను. అంగుళం జరిగిందంటే నా మీసం తీసేస్తా.”

“మీకు మీసం ఎక్కడుంది బాబాయ్?” అన్నాడు తాళం.

“అందుకే పందెం కాస్తున్నా.”

ఎవరికీ నవ్వు రాలేదు. మైకు పాతబడిందని బావ, గిటారు మరీ గట్టిగా మీటుతున్నాడని మావయ్య, మధ్యలో చెక్కపెట్టె ఏం పాపం చేసిందని తాళం. మాట మాట పెరిగింది. “సభల్లో అరవడానికి పనికొచ్చే మైకుతో పాట పట్టడం మన తప్పే” అన్నాడు బావ. మావయ్య వైరు చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన వైరు చుట్టడం మొదలుపెడితే ఇక రేపటినుంచి రాడని అర్థం.

నాకు మాత్రం కిటికీ గుర్తుకొచ్చింది. మొదటి పాట రోజున ఆ గోదాముకు కిటికీ ఉందనే నాకు తెలియదు. ఆరో పాట రోజున దాని గట్టు మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాను.

“పరుపులు,” అన్నాను.

“ఏంటి మరదలా?”

“పరుపులు అమ్ముడుపోయాయి కదా బావా. గది... గది ఖాళీ అవుతోంది.”

అంత పొడవు మాట నేను నలుగురిలో అనడం అదే మొదలు. మావయ్య చేతిలో వైరు ఆగింది. బావ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“మన బ్యాండులో గోదాము కూడా ఒక వాయిద్యమేరా,” అన్నాడు చివరికి. “రోజుకింత చొప్పున దాన్ని అమ్ముకుంటూ కూర్చున్నాం.”

తిరిగి పాడిద్దామంటే అమ్మిన పరుపులు ఎవరి ఇళ్ళలోనో ఎవరి నడుముల కిందో ఉన్నాయి. అయితే బావను భయపెట్టింది పాటల తేడా కాదు.

“గోడ నుంచి గొంతు తిరిగొస్తోందని దానికి తెలిస్తే మళ్ళీ నోరు మూసేసుకుంటుంది,” అన్నాడు. “ఈసారి మూస్తే ఇక తెరవదు.”

“దుప్పట్లు తెచ్చి చుట్టూ కట్టేద్దాం,” అన్నాడు మావయ్య.

“ఎందుకని అడగదూ? అది మీ మేనకోడలు బాబాయ్, ముడి వెయ్యకముందే విప్పేస్తుంది. వద్దు. ఎవరూ నోరు జారొద్దు. ఆ వెనక వరస ఉండగానే మిగతా రెండూ కానిచ్చేద్దాం.”

ఇంటికి వెళ్ళేసరికి అక్క బట్టలు మడతపెడుతోంది. “ఎలా ఉన్నాయే కవీ, నీ పాటలు?” అని అడిగింది.

“బాగున్నాయక్కా.”

“అంత చిన్నగా చెప్తున్నావంటే బాగాలేవన్నమాట.”

“నేనెప్పుడూ చిన్నగానే చెప్తాను కదా.”

“అదీ నిజమే,” అని నవ్వి, నా ఒడిలోకి ఒక దుప్పటి విసిరింది. ఆ రాత్రి దుప్పటి చూస్తేనే నాకు భయం వేసింది.

*

ఏడో పాట గండం గడిచింది. ఎనిమిదోది మిగిలింది. నేను మూడు రకాలుగా రాశాను, మూడూ అక్కకు నచ్చలేదు. బావకు ఏ పాట కావాలో నాకు తెలుసు, అక్కకూ తెలుసు. ఎవరం ఆ పాట ఊసెత్తలేదు.

అలా ఉండగా ఒక రోజు నాన్న మళ్ళీ ఛాతీ ఫొటో తీయించుకోవడానికి వెళుతూ, ఒక్క పూటకు గోదామును అమ్మకు అప్పగించాడు. మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి గుమ్మం నుంచి వెనక గోడ దాకా చూపుకు అడ్డం ఏమీ లేదు. నేల మీద పరుపుల ఆకారంలో దుమ్ము లేని చతురస్రాలు, రేకుల కప్పు సందుల్లోంచి దిగిన ఎండచుక్కలు, మధ్యలో సుద్దగీత. అమ్మ ముక్కాలి పీట మీద కూర్చుని విజయగర్వంతో విసురుకుంటోంది.

“లాడ్జీ వాళ్ళు వచ్చారు. మొత్తం ఒక్కసారే ఎత్తుకెళ్ళారు. మీ నాన్న నెలంతా చేసిన పని నేను పూటలో చేసి చూపించాను.”

“వెనకవి కూడానా అత్తయ్యా?” బావ గొంతు పీలగా వచ్చింది. అది గోదామంతా తిరిగి ఇంకా పీలగా వెనక్కి వచ్చింది.

“ఆఁ, తడిసినవని చెప్తూ వచ్చాడుగా ఈ మనిషి! చెయ్యి పెట్టి చూశాను, మెత్తగా, పొడిగా, దూదిపింజల్లా ఉన్నాయి. ఎందుకు దాచిపెట్టాడో ఆయనకే తెలియాలి.”

సరిగ్గా అప్పుడే నాన్న లోపలికి వచ్చాడు. చేతిలో కొత్త ఫొటో కవరు. ఖాళీ గోడను చూశాడు, అమ్మను చూశాడు. ఏదో అనబోయి కవరుతోనే ఒకసారి విసురుకున్నాడు. అప్పటికి నాకు అర్థమైంది. తడి ఆ పరుపుల్లో ఎన్నడూ లేదు.

అక్క అడుగుల చప్పుడు గుమ్మం దగ్గరే మారింది. బయట టకటకమన్నది, లోపల టకటక టకటకమన్నది. ఆమె ఆగింది. మేం ఆరుగురం ఒక్కో మూల ఒక్కో విగ్రహంలా నిలబడ్డాం. అక్క మమ్మల్ని వరసగా చూసి, సంచి కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి ఒక్కసారి చప్పట్లు కొట్టింది.

గోదాము బదులు చెప్పింది.

ఆమె తల కొంచెం వంచి, ఆ బదులు పూర్తిగా ఆరిపోయేదాకా విన్నది.

“ఇది ఎప్పట్నుంచి?”

 మావయ్యే గొంతు సవరించుకున్నాడు. “నాలుగో పాట నుంచమ్మా. కొంచెం కొంచెంగా.”

“ఏడో పాటకు?”

“బాగానే ఉంది.”

“నేను పాడుతూనే ఉన్నానా?”

“పాడుతూనే ఉన్నావు.”

అక్క నీళ్ళ సీసా తీసి రెండు గుక్కలు తాగింది. మూత బిగించింది. బిగిసిందో లేదో తిప్పి చూసింది.

“సరే,” అంది. “చెల్లీ, ఆ పాత పాట నీకు కంఠతా వచ్చుగా? గూటిలోనిది. రెండో పంక్తి ఒకసారి చెప్పు, మరిచిపోయాను.”

అంతమందిలో నేను చెప్పాను. చిన్నగానే చెప్పాను. కాని గోదాము దాన్ని పెద్దది చేసి అందరికీ పంచింది.

“మాటల్లో తప్పేం లేదే,” అంది అక్క, మరేదో పని మీద ఉన్నట్టుగా మైకు ఎత్తు సరిచేసుకుంటూ. “ఎప్పుడూ లేదు.”

ఈసారి ఆమె గోడ వైపు తిరగలేదు. మా వైపు తిరిగి పాడింది. మొదటి పంక్తి వెళ్ళి గోడను తాకి వచ్చేదాకా ఆగి, వచ్చినదాన్ని చేతితో పక్కకు జరిపినట్టు జరిపి, రెండోది ఎత్తుకుంది.

రెక్క కొంచెం కదిపితే, రేకు మీద వానయింది

అన్న చివరి పంక్తి దాకా నాన్న నోటికి కండువా అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. పాట అయ్యాక అందరం అలవాటుగా దగ్గు కోసం ఎదురుచూశాం. రాలేదు.

“ఏమైంది మావయ్యగారూ?” అన్నాడు బావ.

“ఏమో, రావడం లేదు,” అన్నాడు నాన్న, ఏదో వస్తువు పోగొట్టుకున్నవాడిలా. తరువాత కవరు విప్పి మాకు ఛాతీ ఫొటో చూపించాడు. మాకేమీ తెలియకపోయినా ఎండకు ఎత్తిపట్టి అందరం బాగుంది బాగుంది అన్నాం.

*

పాటల వరస మార్చొద్దంది అక్క. ఆ రోజే మొదటిసారి ఎనిమిదీ కూర్చుని విన్నది, ఏ పాట దగ్గరా ముఖం తిప్పుకోలేదు. “చెవిలో మొదలై వీధిలో తేలింది. అలాగే ఉండనివ్వండి,” అంది. మైకు మీద బావ అన్న మాటకు మావయ్య ఇంకా ముభావంగానే ఉన్నాడు. బావ వెళ్ళి ఆయన వైర్లన్నీ చిక్కు తీసి చుట్టి ఇచ్చాడు. “చుట్టడం కూడా రాదు నీకు,” అని మావయ్య అన్నాక గాని మాకు ఊపిరి ఆడలేదు.

మిగిలిన చారల గుడ్డతో అమ్మ చిన్న చిన్న సంచులు కుట్టింది. ఒక్కోదానిలో మా పాటలు ఫోనులో ఎక్కడ వినాలో అచ్చువేసిన చీటీ. తడవని పరుపులను అమ్మేసిన ప్రాయశ్చిత్తంగా ఆవిడ వేసిన కుట్లు ఎంత గట్టివంటే, చీటీ బయటికి తీయడం చాలామందికి సాధ్యం కాలేదు.

చివరి ఆదివారం దాకా అక్క రోజూ మధ్యాహ్నం ఖాళీ గోదాముకు వెళ్ళి పాడింది. ఒక పంక్తి పాడి, గోడ మాట విని, ఇంకో పంక్తి. “వదినా, తాళం సాగిపోతోంది, మధ్యలో నేనొక కునుకు తీసి లేవొచ్చు,” అని మొత్తుకునేవాడు తాళం. “గోడ చెప్పేది కూడా విననివ్వు,” అనేది అక్క. పగవాణ్ణి చుట్టం చేసుకున్నట్టు ఆ ప్రతిధ్వనిని ఆమె మచ్చిక చేసుకుంది.

ఆ ఆదివారం సాయంత్రం ఎవరొస్తారులే అనుకున్నాం. పరుపులు కొన్నవాళ్ళు వచ్చారు. పిల్లాపాపలతో వచ్చారు, నడుం నొప్పి తగ్గిందని నాన్నకు చెప్పడానికి వచ్చారు. వార్డెనమ్మ హాస్టలు పిల్లలందరినీ రెండు వరసల్లో నడిపించుకొచ్చింది. లాడ్జీ మేనేజరు అమ్మను చూసి నమస్కారం పెట్టాడు. ఎవరి పరుపు ఎక్కడినుంచి వెళ్ళిందో అక్కడే వచ్చి కూర్చున్నట్టు, గోడ నుంచి గోడ దాకా గోదాము మళ్ళీ నిండిపోయింది. నేను మొదటి వరసలో కూర్చుని, నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చారల సంచిని పట్టుకున్నాను.

అక్క మొదటి పాటగా దాన్నే ఎంచుకుంది.

గుప్పెడంత నిశ్శబ్దం గూటిలోన దాచాను

అని, ఆగింది. గోడ మాట కోసం ఆగింది. గోడ మాట్లాడలేదు.

అంతమంది జనం, అన్ని చీరలు, చొక్కాలు, ఒళ్ళో పిల్లలు, ఆ గొంతునంతా పీల్చేసుకున్నారు. మొదటిరోజు పరుపులు మింగినట్టే మింగేశారు. అలవాటు చేసుకున్న చుట్టం రాలేదు. అక్క కళ్ళు వెనక గోడను వెతికాయి. బావ వేళ్ళు తీగల మీద అలాగే నిలిచాయి. తాళం అరచెయ్యి గాలిలో ఉంది. సరిగ్గా రెండేళ్ళ కిందటి పంక్తి, సరిగ్గా అదే ఖాళీ. నా చేతిలో సంచి ముద్దయింది.

అప్పుడు వెనక వరసల్లోని హాస్టలు పిల్లలు, ఆమె తమకోసమే ఆగిందనుకున్నారు. తమను అందుకోమంటోంది అనుకున్నారు. ముందు ఇద్దరు, ఆ వెంటనే అందరూ, కొంచెం శ్రుతి తప్పి, ఎంతో ఉత్సాహంగా అందుకున్నారు:

“గూటిలోన దాచాను...”

గోదాములో సగం మంది వాళ్ళతో కలిశారు. వార్డెనమ్మ కూడా కలిసింది. ఆ మాట వెళ్ళవలసిన చోటికి వెళ్ళి, రావలసిన ఆలస్యంతో, అక్క దగ్గరికి తిరిగి వచ్చింది.

అక్క పెదవి చివర నవ్వు మొదలవడం నేను చూశాను. అది కళ్ళ దాకా పాకేలోగా రెండో పంక్తి ఎత్తుకుంది. తాళం అరచెయ్యి కిందికి దిగింది. ఆ తరువాత ప్రతి పంక్తికీ ఆగింది, ప్రతి పంక్తికీ వాళ్ళు బదులిచ్చారు. నా సంచి మెల్లగా సంచి ఆకారానికి వచ్చింది.

బావ ఫోనులో ఆల్బం విడుదల చేసే మీట నొక్కడం ఆ హడావిడిలో ఎవరూ చూడలేదు. రెండుసార్లు నొక్కానని తరువాత చెప్పాడు, మొదటిసారి వేలు పక్కన పడిందట.

*

అందరూ వెళ్ళిపోయాక నేల ఊడ్చాం. మావయ్య వైర్లు తనే చుట్టుకున్నాడు. తాళం ఆ రోజు కడుపునిండా తిని పెట్టె మీద కాక నేల మీదే కూలబడ్డాడు.

“నిజం చెప్పు నాన్నా,” అంది అక్క. “ముందు పోవలసిన సరుకును వెనక ఎందుకు ఆపావు?”

“వెనక నుంచి మోయాలంటే కూలీలకు నడుం నొప్పమ్మా,” అన్నాడు నాన్న, తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ.

“ఆహా. వాళ్ళ నడుం మీద ఎంత ప్రేమో,” అంది అమ్మ.

నాన్న గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. అలవాటు కొద్దీ అందరం బిగుసుకుపోయాం. దగ్గు రాలేదు. ఖాళీ గోదామును ఒకసారి కలయజూసి, గట్టిగా అడిగాడు:

“ఇక తాళం వేద్దామా?”

వేద్దామా, అని అడిగింది గోదాము కూడా.

“వేద్దాం,” అంది అక్క ఇద్దరికీ కలిపి, అంతకన్నా గట్టిగా.